తాళం మీ చేతికిస్తారు, కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. వయసు 43. చాలా ఏళ్ళుగా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి. మా నాన్న ఫియట్ నడిపేవారు, మద్రాసు దగ్గర షోలవరంలో కారు రేసులు చూసొచ్చిన కబుర్లు చెప్పేవారు. ఇప్పుడు నా దగ్గరున్నది మామూలు ఆటోమేటిక్ ఎస్‌యూవీ. ఈమధ్య ఆఫీసులో ఒకతను ఇక్కడి ఒక కార్ల క్లబ్బు గురించి చెప్పాడు. చేరేటప్పుడు 2 లక్షలు, ఏడాదికి 4 లక్షలు, జీఎస్టీ అదనం. తిరిగిచ్చే డిపాజిట్ 3 లక్షలు. ఏడాదికి 600 పాయింట్లు ఇస్తారు. పది పన్నెండు కార్లున్నాయి: ప్రీమియర్ పద్మిని, పాత మెర్సిడెస్, మస్టాంగ్, పోర్షె 911 లాంటివి. పద్మిని మామూలు రోజుల్లో రోజుకు 5 పాయింట్లు, 911 శని ఆదివారాల్లో రోజుకు 40. మా ఆవిడేమో "ఆ డబ్బు పెడితే మనకే ఒక పాత కారు వస్తుంది కదా" అంటోంది. చేరమంటారా? చేరితే తను కూడా నడపొచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మీ ఉత్తరంలో ఫీజు ఉంది, డిపాజిట్ ఉంది, పాయింట్ల లెక్క ఉంది, కార్ల పేర్లూ ఉన్నాయి. ఆ కార్ల నంబరు ప్లేట్లు ఏ రంగులో ఉన్నాయో మాత్రం లేదు. గ్యారేజీకి వెళ్ళి చూసొచ్చి ఉంటే మీ కళ్ళు 911 మీదే ఉండి ఉంటాయి, అందులో తప్పేమీ లేదు. నేను చాలాకాలం వాహన బీమా సర్వేయరుగా పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ముందు ప్లేటే కనపడుతుంది.

సొంతానికి వాడుకునే కారుకు తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు. టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. డ్రైవరు లేకుండా అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. మీ దగ్గర డబ్బు తీసుకుని, కారు మీ చేతికిచ్చి, రెండు రోజులు నడుపుకుని తెచ్చివ్వండి అంటున్నారు. సభ్యత్వం అన్నా, పాయింట్లు అన్నా ఆర్టీఓ కంట్లో అది అద్దె కిందికే వచ్చే ప్రమాదం ఉంది. అద్దె కారుకు పర్మిట్ కావాలి. 1988 మోటారు వాహనాల చట్టంలో 66వ సెక్షను ఆ మాటే చెబుతుంది. పర్మిట్ లేకుండా తిప్పితే 192ఎ సెక్షను కింద 10 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. ఆ సెక్షనులో మొదట వచ్చేది బండి యజమాని కాదు, బండి నడిపేవాడు. అంటే మీరు.

మరి క్లబ్బువాళ్ళు పర్మిట్లు తీసుకోవచ్చు కదా అంటారా? సెల్ఫ్ డ్రైవ్ అద్దెల కోసం 1989లో కేంద్రం రెంట్ ఎ క్యాబ్ పథకం తెచ్చింది. దాని కింద లైసెన్సు కావాలంటే కనీసం 50 క్యాబులు ఉండాలని రాశారు. పన్నెండు కార్ల గ్యారేజీ సొంతంగా ఆ లైసెన్సు ఎలా తెచ్చుకుంటుంది? లైసెన్సున్న పెద్ద ఆపరేటరుతో కలిసి నడిపితే సాధ్యమే. అలా నల్ల ప్లేటు మీద తిరిగే ఖరీదైన కార్లు బెంగళూరులో ఉన్నాయి కూడా. కానీ అవన్నీ కొత్త కార్లు. ఆ పథకం కింద తిరిగే కారుకు టూరిస్టు పర్మిట్ ఉండాలి, దానికి కారు వయసు పరిమితి ఉంటుంది, మీ పద్మినికీ పాత మెర్సిడెస్‌కూ ఆ దారి లేదు.

కారు 50 ఏళ్ళు దాటితే కథ ఇంకోలా ఉంటుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం అసలు రూపం చెడకుండా ఉన్న అలాంటి కార్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత వీఏ అని వస్తుంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ ప్లేటుతో రోడ్డెక్కాలంటే ప్రదర్శనకో, ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలుకో, రిపేరుకో వెళ్ళాలి. రోజువారీ తిరగడానికి లేదు, వ్యాపారానికి అసలే లేదు. కాబట్టి మీ క్లబ్బు గ్యారేజీలో ఎంత అపురూపమైన కారుంటే దాన్ని మీకు అద్దెకివ్వడం అంత కష్టం.

ఈ పాయింట్ల పద్ధతి మనవాళ్ళు కనిపెట్టింది కాదు. 1995లో లండన్‌లో మొదలైన క్లాసిక్ కార్ క్లబ్ లాంటివి దీన్ని ప్రచారంలోకి తెచ్చాయి. బ్రిటన్‌లో అద్దె కారుకూ సొంత కారుకూ ప్లేటులో తేడా లేదు, సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు విడిగా బీమా పాలసీలు దొరుకుతాయి. అక్కడ నడిచిన పద్ధతిని అలాగే ఎత్తుకొచ్చి కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో దింపితే, కింద ఆ చట్టం ఉండదు.

ఇక బీమా. ప్రైవేటు కారు పాలసీ కాగితం ఒకటి చేతిలోకి తీసుకోండి, మీ ఎస్‌యూవీదే తీసుకోండి. ప్రీమియం లెక్కల పట్టిక దాటాక చిన్న అక్షరాల్లో వాడకానికి పరిమితుల పేరా ఒకటి కనపడుతుంది. ఏ కంపెనీదైనా దాదాపు అవే మాటలు. అద్దెకు గానీ ప్రతిఫలానికి గానీ వాడకూడదు. సరుకు మోయకూడదు. రేసుల్లో, పేస్ మేకింగ్‌లో, వేగ పరీక్షల్లో, రిలయబిలిటీ ట్రయల్స్‌లో వాడకూడదు. మీ క్లబ్బు ఆ 911కి ఈ పాలసీయే తీసుకుని ఉంటే, మీరు డబ్బు కట్టి తాళం తీసుకున్న క్షణం నుంచి మొదటి షరతు తప్పినట్టే.

ప్రమాదం జరిగాక మాలాంటివాళ్ళం వచ్చి అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. కారు ఎవరిది? మీరు ఆయనకు ఏమవుతారు? కారు మీ చేతికి ఎలా వచ్చింది? స్నేహితుడి కారు స్నేహితుడు ఊరికే ఇస్తే, మీకు లైసెన్సుంటే, ఏ ఇబ్బందీ లేదు. అందుకే కొన్నిచోట్ల మేనేజర్లు ముందే చెవిలో వేస్తారు: "ఏమైనా అయితే ఫ్రెండు కారని చెప్పండి సార్." ఆ మాట ఎవరైనా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. క్లెయిము ఫారం మీద ఆ అబద్ధం కింద పడే సంతకాల్లో మీదీ ఒకటి ఉంటుంది. క్లబ్బుకు మీరు పంపిన ఫీజు బ్యాంకు స్టేట్‌మెంటులో కనపడుతుంది, బుకింగు యాప్‌లో కనపడుతుంది. బయటికి లాగాలంటే అరగంట పని.

మీరు నడుపుతున్న కారు డొక్కయితే పోయేది డబ్బే. ఎదుటివాడికి దెబ్బ తగిలితేనో ప్రాణం పోతేనో అసలు చిక్కు అప్పుడు. ఆస్తినష్టానికి పాలసీలో పరిమితి ఉంటుంది గానీ, ప్రాణనష్టానికి కోర్టు వేసే పరిహారానికి పైహద్దు లేదు. షరతు తప్పిన కేసుల్లో చాలాసార్లు కోర్టు ముందు బీమా కంపెనీనే బాధితులకు కట్టమంటుంది, తరవాత బాధ్యుల నుంచి వసూలు చేసుకోమంటుంది. 2004లో సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ కేసు తీర్పు తరవాత ఈ పద్ధతి బాగా స్థిరపడింది. ఆ వసూలు నోటీసు యజమానికి వెళుతుంది. ఆ యజమాని ఆస్తులేమీ లేని చిన్న కంపెనీ అయితే, కేసులో ఇంకొక పేరు నెలజీతం వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుదైతే, లాయర్లు ఎవరి వైపు చూస్తారో మీరే ఆలోచించండి.

రెండు చిన్న విషయాలు కూడా చెప్పాలి, వీటిని ఎవరూ అడగరు. ఒకటి, కారు పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా రిజిస్టరైన యజమానికే. క్లబ్బు కారులో మీకేమైనా అయితే అది మీకు వర్తించదు. మీ పేరు మీద విడిగా ప్రమాద బీమా ఉండాలి. టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ప్రమాదకరమైన హాబీలున్నాయా అని అడుగుతారు, ట్రాక్ మీదికి వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడ దాచకండి. రెండోది, పాత కార్ల ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే బీమా కంపెనీ లెక్కలోకి తీసుకునే విలువ. ఐదేళ్ళు దాటిన కారుకు ఐడీవీ బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని వేసుకుంటారు. ప్రీమియం తగ్గించుకోవడానికి 20 లక్షలు పలికే పాత మెర్సిడెస్‌కు 3 లక్షలు రాయించుకున్నారనుకోండి. మీ చేతిలో అది నుజ్జయితే మిగతా 17 లక్షలు ఎవరివి? క్లబ్బు ఒప్పందంలో "సభ్యుడు పూర్తి నష్టం భరించాలి" అన్న వాక్యముంటే మీవే.

కొందరు క్లబ్బువాళ్ళు తెలివిగా ఇంకో దారి పడతారు. సభ్యులందర్నీ కలిపి ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ పెడతారు, కార్లు దాని పేరు మీద కొంటారు. అప్పుడు మీరు అద్దెకు తీసుకునేవాళ్ళు కాదు, భాగస్వాములు. చట్టం దృష్టిలో ఇది తెల్ల ప్లేటు పెట్టి చేతులు దులుపుకోవడం కంటే చాలా నయం. నిజాయితీగా నడిస్తే నాకు దీని మీద పెద్ద అభ్యంతరం లేదు. అయితే అక్కడ మీరు వినియోగదారు కాదు. డిపాజిట్ ఇవ్వలేదని వినియోగదారుల కమిషన్‌కు వెళితే ఇది భాగస్వాముల గొడవ అని ఎదుటి లాయరు వాదిస్తాడు. బయటికి రావాలంటే మీ వాటా కొనేవాడు దొరకాలి. ఈ పద్ధతిలో చీటీ వేసేముందు చీటీ నడిపేవాడి గురించి ఊళ్ళో ఆరా తీసినట్టు, మిగతా భాగస్వాముల గురించి ఆరా తీయాల్సిందే.

చట్టం సంగతి వదిలేద్దాం, మీ పాయింట్లు లెక్కేద్దాం. 911ని ఒక శని ఆదివారం తీసుకుంటే 80 పోతాయి. ఏడు వారాంతాలకు 560. మిగిలిన 40తో పద్మినిని ఎనిమిది రోజులు తీసుకోవచ్చు, అదీ సోమవారం నుంచి శుక్రవారం లోపు, మీకు ఆఫీసున్నప్పుడు. ఏడాది ఫీజు జీఎస్టీతో 4 లక్షల 72 వేలు. పద్మినిని లెక్కలోంచి తీసేస్తే ఒక్కో వారాంతం 67 వేల పైన పడింది, చేరేటప్పుడు కట్టిన 2 లక్షలు కలపకుండానే. ఆ ఏడు వారాంతాలైనా మీరు కోరుకున్నవి దొరుకుతాయా? దసరాకు, సంక్రాంతికి, లాంగ్ వీకెండుకు అందరికీ 911యే కావాలి. ఒక్కో కారుకు ఎంతమంది సభ్యులున్నారని అడగండి. "లిమిటెడ్ మెంబర్స్" అంటారు. అంకె చెప్పమనండి. బుక్ చేసిన రోజు కారు వర్క్‌షాపులో ఉంటే పాయింట్లు తిరిగి వేస్తారా, ఏడాది చివర మిగిలినవి తరవాతి ఏడాదికి వస్తాయా, వానవల్ల రద్దయితే ఏమిటి, ఇవన్నీ కాగితం మీద ఉండాలి.

రోజు అంటే ఎన్నింటి నుంచి ఎన్నింటికి అన్నది కూడా. గ్యారేజీ మైసూరు రోడ్డు వైపు ఉండి శనివారం పది గంటలకు తాళమిస్తే, ఊరు దాటేసరికి మధ్యాహ్నం అవుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు దగ్గర మొదటి గేరులో నిలబడ్డ 911కీ మీ ఎస్‌యూవీకీ తేడా ఏమిటంటే, మీ ఎస్‌యూవీలో నడుము నొప్పి రాదు. బెంగళూరులో ఇలాంటి కార్లున్నవాళ్ళు ఆదివారం ఐదింటికే బయల్దేరి నంది కొండ వైపో హోసకోట వైపో వెళ్ళి ఎనిమిదిన్నరకల్లా ఇల్లు చేరడం ఊరికే కాదు. మీకు తాళం ముందురోజు సాయంత్రమే కావాలి. రాత్రికి కారు మీ అపార్టుమెంటు బేస్‌మెంటులో ఉంటుంది. ఆ ర్యాంపు దిగుతుంటే ముందు బంపరు కింద గీసుకుంటుందేమో ముందే చూసుకోండి. ఒప్పందాల్లో సభ్యులు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది వేగం వల్ల కాదు, ఆ బంపరు అంచు వల్ల, చక్రాల రిమ్ముల మీద గీతల వల్ల. కారు తీసుకునేటప్పుడు ఫోనుతో చుట్టూ వీడియో తీయండి, నేల మీద కూర్చుని కింది అంచు కూడా తీయండి. మేనేజరు నవ్వితే నవ్వనివ్వండి.

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ఉంది కదా అనుకుంటున్నారేమో. అక్కడ పరిమితి 100. కెమెరాలు వరసగా ఉన్నాయి. 2024 ఆగస్టు నుంచి 130 దాటితే చలానాతో వదలకుండా ఎఫ్ఐఆర్ పెడతామని కర్ణాటక పోలీసులు ప్రకటించారు. 100లో 911 ఇంకా ఒళ్ళు విరుచుకోవడం కూడా మొదలుపెట్టదు.

ప్లేటు రంగుతో పాటు దాని మీది రాష్ట్రం కూడా చూడండి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం, సెస్సు వేరే. అది తప్పించుకోవడానికి పుదుచ్చేరిలోనో ఇంకెక్కడో రిజిస్టర్ చేయించి ఇక్కడ ఏళ్ళ తరబడి తిప్పేవాళ్ళున్నారు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖ ఇలాంటి ఖరీదైన కార్లను ముప్ఫై దాకా పట్టుకుంది, వాటిలో ఫెరారీ, పోర్షె కూడా ఉన్నాయి. అదే ఏడాది జులైలో మహారాష్ట్ర నంబరున్న ఒక ఫెరారీకి 1.41 కోట్ల పన్ను కట్టించారు. అలాంటి కారు మీ వారాంతంలో పట్టుబడితే పన్ను మీరు కట్టక్కర్లేదు గానీ, ఆదివారం సాయంత్రం మీ ఆవిడా మీరూ ఆటో వెతుక్కోవాలి. కారు నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూస్తే వాహనం తరగతి, బీమా గడువు, లోను ఉందా లేదా తెలిసిపోతాయి. గ్యారేజీలో ఉన్న కార్లన్నీ ఒకే కంపెనీ పేరు మీద ఉన్నాయా, లేక ఎవరెవరివో సొంత కార్లు తెచ్చి కమిషన్ మీద తిప్పుతున్నారా అన్నది తెలుసుకోవడానికి ఆర్సీ కాపీలు అడగండి. రెండో రకమైతే వెంటనే వద్దనేయండి.

ఇప్పుడు మీ ఆవిడ మాటకు వద్దాం. నాకు ఆవిడ మాటే నచ్చింది, కానీ సగమే. మొదటి ఏడాది మీ జేబులోంచి పోయేది 7 లక్షల 8 వేలు, పైన 3 లక్షలు డిపాజిట్. మంచి స్థితిలో ఉన్న పద్మిని అంతకంటే తక్కువకే దొరుకుతుంది. మీ నాన్నగారి ఫియట్ వంశమే అది: ఇటలీ ఫియట్ 1100 డిజైను, 1089 సీసీ ఇంజను, బొంబాయి కుర్లాలో తయారీ. స్టీరింగు పక్కన గేరు కర్ర. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఏబీఎస్‌కు అలవాటుపడ్డ కాలు ఆ పెడలు మీద మొదటిసారి నొక్కినప్పుడు కారు ఆగదు, ఆగడం గురించి ఆలోచిస్తుంది. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేయాలి, ఇంజను వేడెక్కే కొద్దీ మెల్లగా లోపలికి నెట్టాలి. ఏప్రిల్ ఎండలో హెబ్బాళ ఫ్లైఓవరు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పెట్రోలు పంపులోనే ఆవిరై ఇంజను ఆగిపోతుంది. బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు నిలబడాలి. వెనక హారన్లు మోగుతుంటాయి. అయితే అదే ఫ్లైఓవరు మీద ఒకరిద్దరు కారు దిగి వచ్చి "మా తాతగారికి ఇదే ఉండేది సార్" అని మీతో మాట్లాడటం కూడా జరుగుతుంది. 911కి సెల్ఫీలు తీసుకుంటారు, పద్మినికి కబుర్లు చెబుతారు.

ఆవిడ లెక్కలో లేని సగం ఏమిటంటే, పాత కారు కొన్న రోజు ఖర్చు మొదటి ఖర్చు మాత్రమే. 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంటుంది. 20 ఏళ్ళు దాటిన కార్లకు ఆ ఫీజు 2025లో 10 వేలకు పెంచారు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరు గాస్కెట్లు దానికి తట్టుకోవు, మార్పించాలి. విడిభాగాలకు జేసీ రోడ్డు తిరగాలి, అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట. అన్నిటికంటే ముఖ్యం, కార్బురేటరు తెలిసిన మెకానిక్ ఒకాయన మీకు ఫోనులో దొరకాలి. ఆయన వయసు అరవై దాటి ఉంటుంది, ఆయన షెడ్డు మీ ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఈ పనులు మీకు విసుగనిపిస్తే కొనకండి. ఇవే సరదా అనిపిస్తే క్లబ్బు పాయింట్లు మీకు ఎందుకూ పనికిరావు.

కొనేముందు ఒక పని చేయండి. బెంగళూరులో కర్ణాటక వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఉంది, చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ ఉంది. ఇవి కార్లు అద్దెకిచ్చే క్లబ్బులు కావు, పాత కార్లున్నవాళ్ళు కలుసుకునే చోట్లు. ర్యాలీ రోజు వెళ్ళి నిలబడండి. పాత కారు యజమానికి ఎప్పుడూ పక్కన ఒక మనిషి కావాలి: దారి చూడటానికి, రేడియేటరులో నీళ్ళు పోయడానికి, ఆగిపోతే నెట్టడానికి. ఆ మనిషి మీరైతే ఏడాది తిరిగేలోగా రెండు మూడు కార్ల స్టీరింగు మీ చేతికొస్తుంది, ఒక్క రూపాయి కట్టకుండా. అది నిజంగానే స్నేహితుడి కారు కాబట్టి సర్వేయరు అడిగినా భయం లేదు. కార్లు చూడటమే కావాలంటే మైసూరు దారిలో శ్రీరంగపట్నం దగ్గర ధర్మస్థల హెగ్గడే గారి పయణ మ్యూజియం ఉంది, కోయంబత్తూరులో జీడీ నాయుడు గారి పేరు మీద జీడీ కార్ మ్యూజియం ఉంది. పిల్లలుంటే తీసుకెళ్ళండి.

వేగం కావాలంటే రోడ్డు వదిలేయండి. మీ నాన్నగారు చూసిన షోలవరం రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే హైవే పక్కనే ఉండేది కాబట్టి మనవాళ్ళు చాలామంది వెళ్ళేవారు. ఆ రేసులు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. తరవాత వాళ్ళే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు, 1990 నుంచి అక్కడ రేసులు జరుగుతున్నాయి. పొడవు 3.717 కిలోమీటర్లు, పేరు ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. బెంగళూరు నుంచి చెన్నై హైవే మీద 300 కిలోమీటర్ల పైన, ఊళ్ళోకి పోనక్కర్లేదు. అక్కడ ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని నడుపుకునే ట్రాక్ డేలు, రేసింగ్ స్కూళ్ళ శిక్షణలు జరుగుతుంటాయి. స్కూలైతే కారు వాళ్ళదే, హెల్మెట్టు పెట్టి, పక్కన ఇన్‌స్ట్రక్టరును కూర్చోబెట్టి లేదా ముందు కారులో నడిపించి, బ్రేకు ఎక్కడ వేయాలో, మలుపులో చూపు ఎక్కడ పెట్టాలో నేర్పిస్తారు. పసుపు జెండా చూపిస్తే ఓవర్‌టేక్ చేయకూడదు, ఎర్ర జెండా అయితే సెషన్ ఆగినట్టు. గట్టిగా నడిపాక చివరి ల్యాపు నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లార్చాలి, పిట్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకూడదు, వేడి మీద ప్యాడ్లు డిస్కుకు పట్టేస్తాయి. ఇవి ఒక్క రోజులో వంటబట్టే పాఠాలు, క్లబ్బు కారుతో ఏడు వారాంతాలు తిరిగినా రావు. అక్కడ కారు పాడైతే ఖర్చు మీదే, ఏ మామూలు పాలసీ కట్టదు. అయితే ఆ సంగతి ముందే చెప్పి సంతకం పెట్టించుకుంటారు.

5 లీటర్ల వీ8 మస్టాంగ్ తాళం మొదటిసారి తీసుకుని, తడి రోడ్డు మీద యూ టర్నులో యాక్సిలరేటరు తొక్కి డివైడరెక్కించినవాళ్ళ ఫోటోలు నేను ఫైళ్ళలో చాలా చూశాను. శక్తంతా వెనక చక్రాలకు వెళ్ళే కారు అది. మీ ఎస్‌యూవీ నేర్పిన అలవాటు దానికి పనికిరాదు. కాబట్టి మీరు ఆ క్లబ్బులోనే చేరాలనుకున్నా సరే, ముందు ట్రాక్ మీద ఒక రోజు శిక్షణ తీసుకుని చేరండి.

ఇన్ని చెప్పాక కూడా మనసు లాగుతుంటే క్లబ్బుకు ఒక ఈమెయిల్ రాయండి. 911ది, పద్మినిదీ ఆర్సీ, పర్మిట్, బీమా పాలసీ మొత్తం పేజీలు పంపమనండి. డబ్బు తీసుకుని సభ్యుడికి ఇస్తున్నారన్న విషయం బీమా కంపెనీకి తెలుసనీ, ఆ వాడకానికి కవర్ ఉందనీ బీమా కంపెనీ రాసిచ్చిన కాగితం అడగండి. ప్రమాదానికి మీ వంతు గరిష్ఠంగా ఎంతో రూపాయల్లో రాయమనండి, "వాస్తవ నష్టం" లాంటి మాట ఉంటే కొట్టేయించండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగొస్తుంది, డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నవి కూడా. ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఒప్పందం మరీ ఏకపక్షంగా ఉంటే 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయమైన ఒప్పందాల మీద నిబంధన ఉంది, 1915 హెల్ప్‌లైనుకు ఫోన్ చేయొచ్చు. మంచి క్లబ్బైతే ఆ కాగితాలన్నీ రెండు రోజుల్లో వస్తాయి. "ఆఫీసుకు రండి సార్, కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం" అని జవాబొస్తే మీ 9 లక్షలూ, దాని మీది జీఎస్టీ కూడా, బ్యాంకులోనే ఉంచండి.

మీ ఆవిడ నడపొచ్చా అన్నదానికి: సభ్యత్వం మీ ఒక్కరి పేరు మీద ఉంటే నడపకూడదు, పక్కన మీరున్నా సరే. ఒప్పందంలో ఆవిడ పేరు అదనపు డ్రైవరుగా, లైసెన్సు నంబరుతో సహా రాయించాలి. దానికి విడిగా ఫీజు అడిగితే బేరమాడండి, చాలామంది తగ్గిస్తారు. ఆవిడకు మాన్యువల్ గేరు నడపడం వచ్చా? మీ ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్ కాబట్టి అడుగుతున్నాను. మీ ఇద్దరి లైసెన్సుల వెనక వాహనం తరగతి, గడువు కూడా ఒకసారి తిప్పి చూసుకోండి. నలభై దాటినవాళ్ళ లైసెన్సులు గడువు తీరిపోయి ఉండటం నేను చూసిన ఫైళ్ళలో తరచూ తగిలేది.